గాయానికి కట్టు కడితే సరిపోతుందా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా చెల్లెలి కూతురు ప్లస్ టూ చదువుతోంది. మొన్న ఎండాకాలమంతా ఫుల్ చేతుల డ్రెస్సులే వేసుకుంటే ఫ్యాషన్ కాబోలు అనుకున్నాం, చెయ్యి చీము పట్టి జ్వరం వచ్చేదాకా తనని తనే గాయపరచుకుంటోందని ఎవరికీ అనుమానం రాలేదు. జిల్లాలోనే ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. కట్టు కట్టే ఆవిడ పాత మచ్చలన్నీ చూసి, లైన్లో ఉన్నవాళ్లందరూ వినేలా "పెళ్లి కావాల్సిన పిల్లవి, ఇదేం పిచ్చి పని" అని మొదలుపెట్టింది. డాక్టరు గారు ఎలా తగిలిందని ఒడియాలో అడిగితే పిల్లి గీరిందని మా అమ్మాయి చెప్పింది, ఆయన అదే రాసుకుని పంపేశారు. బయటికొస్తుంటే ఇంకొకాయన పోలీసు కేసవుతుందని భయపెట్టాడు. టీటీ ఇంజెక్షన్ మాత్రం మర్చిపోలేదు లెండి.

ఇప్పుడు ఆసుపత్రి అంటేనే రానంటోంది. గాయాలు ఆగలేదు, దాచుకోవడం బాగా నేర్చుకుంది.

ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత ఐపీసీ 309 సెక్షన్ అయితే 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోకి రానేలేదు. మరి చావాలని కాదు, లోపలి టెన్షన్ తట్టుకోలేక గాయం చేసుకునే పిల్లని బెదిరించడం దేనికి? అలాగని తేలిగ్గా వదిలేయమనడం లేదు, ఇలాంటివాళ్లకి తర్వాత ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ, అందుకే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని చాలామంది భయపడతారు, అది నిజం కాదు.

నేను కోరేది పెద్ద డాక్టర్లని కాదు. ఆ గాయాన్ని మొదట చూసేది కట్టు కట్టే నర్సమ్మే. తల్లిదండ్రుల్ని, నాలాంటి పెద్దమ్మల్ని బయట కూర్చోబెట్టి, కర్టెన్ లాగి, "నువ్వే చేసుకున్నావా తల్లీ? చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని మెల్లగా అడిగితే చాలు. అదీ తెలుగులో. మా పిల్ల ఒడియా గడగడా మాట్లాడుతుంది, కానీ ఏడుపొచ్చేది తెలుగులోనే. చావాలని ఉందంటే ఒంటరిగా ఇంటికి పంపకుండా డాక్టరుకి వెంటనే చెప్పాలి, అలాంటిదేం లేదని చెప్పినా మళ్లీ ఎప్పుడు రావాలో ఓపీ చీటీ మీద రాయాలి.

మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరుని ప్రతి ఆరోగ్య కేంద్రంలో కట్టు కట్టే బల్ల పక్కన ఒడియాలోనూ తెలుగులోనూ అంటించమని ఆరోగ్యశాఖ వాళ్లను అడుగుతున్నాను.

— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా