బెంచీలు నదివైపు తిప్పండి

సంపాదకునికి,

అయ్యా,
నది ఒడ్డున ఉండటం ఏ ఊరికైనా అదృష్టమే. కానీ చాలా నగరాల్లో ఆ నీళ్లు కళ్లారా చూడాలంటే వంతెన ఎక్కాల్సి వస్తోంది. ఒడ్డంతా రోడ్లకో, ప్రహరీలకో పోతుంది. మిగిలిన కాస్త జాగాలో పార్కు ఉంటే అదే జనానికి ఊపిరి. ఏమీ కొనకుండా, ఎవరూ లేవమనకుండా ఎంతసేపైనా కూర్చోగలిగే చోటు నగరంలో ఇంకెక్కడుంది?

స్పెయిన్‌లోని వాలెన్సియా సంగతే చూడండి. 1957లో తూరియా నది వరద ఆ ఊరిని ముంచేసింది. తర్వాత నదిని ఊరి దక్షిణానికి మళ్లించారు. ఖాళీ అయిన పాత పాయలో హైవే వేద్దామనుకున్నారు. జనం ఒప్పుకోలేదు, పచ్చదనమే కావాలని పట్టుబట్టారు. ఇప్పుడక్కడ దాదాపు 9 కిలోమీటర్ల పొడవున తోట ఉంది! ఒకప్పుడు నది పారిన పాత వంతెనల కింద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు.

వరదలప్పుడూ ఒడ్డున పార్కు ఉండటం మేలే. గడ్డినేల రెండు రోజులు మునిగినా తేరుకుంటుంది, ఇళ్లు అంత తేలిగ్గా తేరుకోవు. అందుకే అక్కడ కొత్త కట్టడాలు వద్దే వద్దు.

పురపాలక అధికారులకు నా విన్నపం చిన్నదే. చాలాచోట్ల బెంచీలు నీళ్లకు వీపు పెట్టి, పార్కింగ్‌వైపు చూస్తున్నాయి. వాటిని తిప్పండి. చక్రాల కుర్చీ వెళ్లేలా ఒడ్డు దాకా ఒక వాలుదారి వేయండి. ఆఫీసులు వదిలేసరికే గేట్లు మూసేయకుండా రాత్రి 9 గంటల దాకా తెరిచి ఉంచండి, లైట్లు వెలిగేలా చూడండి.

– ఒక పాఠకుడు