నువ్వు వదిలివెళ్లిన పుస్తకం

చిరంజీవి చిట్టికి,

అమ్మ ఆశీస్సులు. దసరాకు వచ్చినప్పుడు నా తలగడ పక్కన పెట్టి వెళ్లిన నవోమి నోవిక్ నవల ‘అప్‌రూటెడ్’ మొన్న రాత్రి పూర్తి చేశాను. ఎలా ఉందో ఫోనులో చెప్పమన్నావు. ఫోనులో అయితే ‘బాగుందే’ అని ఊరుకుంటానని, నచ్చనివి కూడా చెప్పడానికి ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ మాంత్రికుడి సంగతి. లోయలోని ఊళ్లను దుష్టారణ్యం నుంచి కాపాడుతున్నందుకు పదేళ్లకొకసారి పదిహేడేళ్ల పిల్లను తన బురుజుకు తీసుకుపోయే ఆ మనిషికి నూరేళ్లు పైబడినా మాటలో నెమ్మది లేదు, ఈసారి తీసుకుపోయిన అగ్నియెష్కాను వచ్చిన రోజు నుంచీ తెలివితక్కువదని ఈసడిస్తూనే ఉంటాడు. కటువుగా మాట్లాడే మగవాడి మనసు వెన్న అని మా కాలపు వారపత్రికల సీరియళ్లు నాకూ చాలా ఏళ్లు నేర్పాయి గనుక, ఆ పాఠం మీద ఇప్పుడు నాకు నమ్మకం తక్కువ. వాళ్లిద్దరూ దగ్గరయ్యే ఘట్టాలు నువ్వు చదివిన పుస్తకంలోనే నేనూ చదవడం కొంచెం ఇబ్బందిగానే అనిపించింది, ఆ మాట అలా ఉంచు.

అయినా ఇద్దరూ కలిసి మాయగులాబీని సృష్టించే పేజీలో నీ బస్సు టికెట్టు ఎందుకు ఉందో నాకు అర్థమైంది. పుస్తకంలో రాసిన పద్ధతి ప్రకారం మంత్రం వేయడం ఆ పిల్లకు చేతకాదు. కూనిరాగం తీస్తూ, తోచిన దారిలో తడుముకుంటూ వేస్తే మాత్రం ఫలిస్తుంది. ఆవకాయకు కారం ఎన్ని గిద్దెలని అడిగితే ‘చేతికి తెలుస్తుందే’ అనే మీ అమ్మమ్మ గుర్తొచ్చింది. కొలత తప్పని అతని విద్యా, కొలతే లేని ఈమె విద్యా ఒకదానిలో ఒకటి కలిసిపోయే ఆ చోట, అతని తిట్లన్నిటినీ కాసేపు మరిచిపోయాను.

నన్ను నిజంగా పట్టుకున్నది మాత్రం ప్రేమకథ కాదు, అగ్నియెష్కా స్నేహితురాలు కాసియా. అందం, ధైర్యం ఉన్న పిల్ల కనుక మాంత్రికుడు ఆమెనే తీసుకుపోతాడని ఊరంతా అనుకోవడంతో, తల్లి ఆమెను చిన్నప్పటి నుంచే ఎడబాటుకు సిద్ధం చేస్తూ మనసు రాయి చేసుకుని పెంచుతుంది. తీరా అతను ఎంచుకున్నది అగ్నియెష్కాను. పోతుందనుకున్న బిడ్డ ఇంట్లోనే మిగిలిపోతే ఆ తల్లి ఏమైందోనని, పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. తరువాత అడవి కాసియాను ఎత్తుకుపోయి చెట్టులో బంధించడం, స్నేహితురాలు వెళ్లి విడిపించడం, నిజాన్ని బయటపెట్టే మంత్రం వెలుగులో ఇద్దరూ ఇన్నాళ్లూ దాచుకున్న అసూయా కోపమూ ఒకరికొకరికి కనిపించడం, ఇవి నవలలో అన్నిటికన్నా గొప్ప పేజీలు. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుణ్ణి రాజకుమారుడు చంపే కథలు విని పెరిగిన నాకు, ఒక ఆడపిల్ల కోసం మరొక ఆడపిల్ల అడవిలోకి నడవడం కొత్తగా ఉంది.

రాజధాని ఘట్టాలు నాకు పట్టలేదు. బురుజు దగ్గరి యుద్ధంలో సైనికులు రాలిపోతుంటే పేజీలు గబగబా తిప్పేశాను. కానీ అడవి పగకు కారణముందనీ, మనుషులు ఆ అడవిరాణిని బంధించి, ఆమె జనానికి చేసిన అన్యాయం నుంచే ఆ విషమంతా పుట్టిందనీ తెలిసినప్పుడు, రచయిత్రి మీద గౌరవం పెరిగింది. ఈమెకు చిన్ననాడు పోలండు కథలు చెప్పింది తల్లేనట. 2015లో వచ్చిన ఈ నవలకు నెబ్యులా పురస్కారం దక్కిందని నీకు తెలిసే ఉంటుంది.

చివర్లో జాతరకు వచ్చిన ఆ పెద్దమనిషి ఏం మాట్లాడాలో తెలియక తడబడుతుంటే, అగ్నియెష్కా చెయ్యి పట్టుకుని తన తల్లి దగ్గరికి రమ్మంటుంది చూడు, అక్కడ అతణ్ణి క్షమించేశాను.

పుస్తకం తమ్ముడితో పంపుతున్నాను. బస్సు టికెట్టు ఆ పేజీలోనే ఉంచాను.

ఇట్లు,
మీ అమ్మ