పిప్ ఎక్కించిందెక్కడ, పైథాన్ వెతికేదెక్కడ

అన్నలు, చెల్లెండ్లు, ఆదివారం నల్లగొండకు ల్యాప్‌టాప్ తెచ్చేటోళ్లు ముందే ఇది చూసుకోండి. పిప్ (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే టూల్) తోటి ప్యాకేజీ ఎక్కినంక కూడా 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' (ఆ ప్యాకేజీ దొరకలే) అనే ఎర్రర్ వస్తుందంటే, ఎక్కువసార్లు మిషన్ల రెండు పైథాన్లు ఉన్నట్టే. ఉబుంటు టెర్మినల్‌ల 'విచ్ పైథాన్3' కొట్టండి. /యూఎస్ఆర్/బిన్ చూపిస్తే సిస్టంది, .వెన్వ్/బిన్ (.వెన్వ్ అంటే ప్రాజెక్టుకు వేరుగ చేసుకున్న పైథాన్ ఫోల్డర్) చూపిస్తే ప్రాజెక్టుది. షెల్ (మనం కొట్టిన కమాండ్ నడిపేది) 'పాత్' అనే లిస్టుల ఉన్న ఫోల్డర్లను ఎడమ నుంచి వెతుకుతది, ముందు దొరికినదాన్నే నడుపుతది. ఒట్టి 'పిప్' అంటే వేరే పైథాన్‌ది నడవొచ్చు, అందుకే అది వద్దు, 'పైథాన్3 -ఎం పిప్ ఇన్‌స్టాల్' అనండి. నడిచే పైథాన్‌కే ఎక్కుతది.

ప్రాజెక్టు ఫోల్డర్ పేరు మార్చినోళ్లకు ఇంకో తిప్పలు. .వెన్వ్/బిన్‌లోని పిప్ ఫైల్ తెరవండి, మొదటి లైన్ల '#!' పక్కన పాత ఫోల్డర్ పూర్తి దారి ఉంటది. అది దొరకక పిప్ ఆగిపోతది. ఆ లైన్లు దిద్దుకుంట కూసునుడు దండగ, .వెన్వ్ తీసేసి మళ్లా చేసుకోండి. రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (ప్రాజెక్టుకు కావాల్సిన ప్యాకేజీల లిస్టు) మాత్రం ఉంచుకోండి.