పేరుపేరునా కృతజ్ఞతలు, పేర్లు రాయకుండా

మార్చి 8న మొదలుపెట్టి మూడు రోజులు రాజమండ్రిలో మేం పెట్టిన ప్రదర్శన అయిపోయి వారం దాటింది. ఈ నాలుగు మాటలు ఆ మర్నాడే రాయాల్సింది. గొంతు పోయింది, దాంతోపాటు ఓపికా పోయింది. ఇవాళ కాస్త తెరిపిన పడి కూర్చున్నాను.

రాని వాళ్ళ కోసం చిన్నగా చెప్తాను. ఆడవాళ్ళ జీవితం మీద ఆడవాళ్ళే కలిసి చేసిన బొమ్మలు, అల్లికలు, కుట్లు, ఫొటోలు. మొత్తం 31 మంది. అందులో ఆర్టు కాలేజీలో చదువుకున్నవాళ్ళు నలుగురే. మిగతావాళ్ళలో లేసు అల్లేవాళ్ళు, కలంకారీ వేసేవాళ్ళు, టైలర్లు, డిగ్రీ చదివే పిల్లలు, ఇంట్లో ఉండేవాళ్ళు ఉన్నారు. నేను డ్రాయింగ్ టీచర్ని. ఈ పనికి ముందుండి చేసింది ఏమన్నా ఉందంటే ఫోన్లు చేయడం, మాట పడటం.

ఇలాంటప్పుడు పేరుపేరునా కృతజ్ఞతలు అంటాం. నేనూ అంటున్నాను గానీ పేర్లు మాత్రం రాయను. కార్డుల మీద పేరు రాయడానికి అందరూ ఒప్పుకున్నారు, ఫోన్లలో తిరగడానికి కొందరు ఒప్పుకోలేదు. ఇచ్చిన మాట తప్పకూడదు కదా. ఎవరి సంగతి వాళ్ళకి చదవగానే తెలిసిపోతుంది.

మొదట మామ్మగారు.

నాలుగు రోజుల్లో ప్రదర్శన అనగా, రెండు నెలల ముందు మేం బుక్ చేసుకున్న హాలు వాళ్ళు ఫోన్ చేశారు. ఎవరిదో రిసెప్షన్ కుదిరిందట. "మీది ఎగ్జిబిషనే కదండీ, ఎప్పుడైనా పెట్టుకోవచ్చు" అన్నారు. ఆ "ఎగ్జిబిషనే కదా" అన్న మాట ఇప్పటికీ చెవిలో మోగుతూనే ఉంది. ఆ సాయంత్రం స్టాఫ్ రూములో నేను ఏడుస్తుంటే మా సైన్సు టీచరు తన మేనత్తగారికి ఫోన్ కలిపింది. దానవాయిపేటలో ఆవిడది పాతకాలపు మండువా లోగిలి. ఎనభై దాటిన మనిషి, ఒక్కరే ఉంటారు. విషయమంతా విని, "రండి, చూసుకోండి" అన్నారు. వెళ్ళాం. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశం. పొద్దున తొమ్మిదింటికి ఒక గోడ మీద పడే వెలుగు సాయంత్రానికి ఎదుటి గోడ మీదికి పోతుంది. ఏ హాల్లో దొరుకుతుంది ఇలాంటి లైటింగ్?

ఆవిడ ఒక్కటే షరతు పెట్టారు. "గోడకి ఒక్క మేకు కొట్టినా ఊరుకోను."

సున్నం గోడలు, పెచ్చులు ఊడతాయని ఆవిడ భయం. న్యాయమే. కానీ మేకు కొట్టకుండా నలభై పైచిలుకు బొమ్మలు ఎలా తగిలించాలి? ఇక్కడ పందిళ్ళు వేసే బాబాయికి దండం పెట్టాలి. వచ్చి, చుట్టూ చూసి, బీడీ పారేసి, "మీ ఇళ్ళల్లో బట్టలు ఎక్కడ ఆరేస్తారమ్మా?" అన్నాడు. స్తంభానికీ స్తంభానికీ మధ్య దండేలు కట్టాడు. బరువున్న ఫ్రేములకి కింద వెదురు గడ అడ్డం కట్టాడు. కాగితం మీద వేసినవన్నీ బట్టల క్లిప్పులతో వేలాడాయి. చూసినవాళ్ళందరూ అదేదో పెద్ద ఆలోచన అనుకున్నారు. ఆడవాళ్ళ ప్రదర్శనకి దండెం కన్నా మంచి ప్రతీక ఏముంటుంది అని ఒకాయన విజిటర్స్ పుస్తకంలో పేజీన్నర రాసి వెళ్ళారు. అది మా ఆలోచన కాదండీ, మామ్మగారి భయం, బాబాయి తెలివి. తాడు డబ్బులు తప్ప కూలి తీసుకోలేదు.

మామ్మగారు ఇల్లు ఇచ్చి ఊరుకోలేదు. మొదటి రోజు పొద్దున్నే భోషాణంలోంచి ఒక పక్కదుప్పటి తీసి తెచ్చారు. మొత్తం లేసే. ఆవిడ పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళు నరసాపురం నుంచి తెప్పించి ఇచ్చారట. మండువా మధ్యలో, నాలుగు వైపుల నుంచీ కనపడేలా దాన్ని వేలాడదీశాం. కార్డు మీద ఏం రాయాలో తోచలేదు. చివరికి "అల్లినవారి పేర్లు తెలియవు, నరసాపురం ప్రాంతం" అని రాశాం.

ఆ ప్రాంతం నుంచే ఆ రోజు ఆరుగురు వచ్చారు. పాలకొల్లు, రావులపాలెం మీదుగా రెండు బస్సులు మారి వచ్చారు. నరసాపురం లేసు పేరు వినే ఉంటారు. ఆ సూదిపని 19వ శతాబ్దంలో మిషనరీలతో మన డెల్టాకి వచ్చింది, 2024లో దానికి జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అన్న) గుర్తింపు కూడా వచ్చింది. ఆ పని ఎలా సాగుతుందో మాత్రం నాకు అంతకుముందు తెలియదు. పువ్వులు అల్లేవాళ్ళు వేరు, వాటిని కలిపి అతుకు పని చేసేవాళ్ళు వేరు. పువ్వులు అల్లే మనిషి ఇంటి అరుగు మీద కూర్చుని పువ్వులే అల్లుతుంది, కట్టలు కట్టి ఇచ్చేస్తుంది. అవి ఎక్కడ అతుకుతారో, ఏ దేశం పోతాయో ఆమెకి కనపడదు.

వచ్చిన ఆరుగురిలో పెద్దావిడ ఆ దుప్పటి దగ్గర చాలాసేపు నిలబడింది. చిన్నప్పటి నుంచీ పువ్వులు అల్లుతున్నా, దుప్పటి నిండుగా పరిచి ఉండగా చూడటం ఇదే మొదటిసారి అంది. నేను ఏదో మాట్లాడబోతున్నాను, ఈలోగా ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి, వేలితో వరసలు తడిమి, నాలుక చప్పరించింది. "ఇదిగో, ఇక్కడ అతుకు సరిగ్గా వెయ్యలేదమ్మా. తొందరలో వేసేసింది ఎవరో." అంతే. మేం పొద్దున్నుంచీ కళ్ళప్పగించి చూస్తున్న దుప్పటిలో ఆ తప్పు ఇంకెవరికీ కనపడలేదు. మామ్మగారికి చెప్తే, "అరవై ఏళ్ళు కప్పుకున్నాను, ఇప్పుడు చెప్తే ఎలా?" అని ఒకటే నవ్వు.

ఆ ఆరుగురి కార్డులు రాసేటప్పుడు ఒక అరగంట పట్టింది. పేరు చెప్పమంటే ఒకామె భర్త పేరు చెప్పింది, ఒకామె ఫలానా వారి కోడలు అని రాయమంది. అసలు పేరు అడిగితే పక్కావిడ నవ్వి, "దాని పేరు దానికే గుర్తులేదు, అందరూ చిన్నమ్మాయ్ అనే పిలుస్తారు" అంది. ఆధార్ కార్డు తీసి చూపించింది పాపం. ముందు అచ్చు వేయించిన కార్డులన్నీ మళ్ళీ వేయించాం. రాత్రి పదకొండింటికి షట్టర్ ఎత్తి ప్రింట్ చేసి ఇచ్చిన తమ్ముడూ, రెండోసారి డబ్బులు తీసుకోలేదు నువ్వు. గుర్తుంది.

ఇక అందరూ అడుగుతున్న పెద్ద గుడ్డ గురించి.

ఏడు మీటర్ల తెల్ల గాడా గుడ్డ. మేం 31 మందిమీ దాని మీద ఏదో ఒకటి చేయాలని అనుకున్నాం. బాగానే ఉంది. అసలు తప్పు నాదే. సంక్రాంతి సెలవుల్లో ఊరికే ఉండటం ఎందుకని టైలర్ అక్కలిద్దరి చేత ఒక చివర ఎంబ్రాయిడరీ మొదలుపెట్టించేశాను. ఫిబ్రవరిలో శ్రీకాళహస్తి నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళు కలంకారీ వేయడానికి వచ్చారు. గుడ్డ విప్పి చూసి, "ముందు కుట్టేశారేంటి? దీన్ని మేం ఉడకబెట్టాలి కదా" అన్నారు. చిన్న ఎర్రదారం ముక్క వేడినీళ్ళలో వేసి చూపించారు. నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. టైలర్ అక్కలు ఏమీ అనలేదు. ఆ రాత్రి కూర్చుని మొత్తం విప్పేశారు. తర్వాత మళ్ళీ మొదటి నుంచీ కుట్టారు. నన్ను ఒక్క మాట అనని ఆ ఇద్దరికీ నేను ఎప్పటికీ బాకీ.

సైన్సు టీచరు గారి డాబా పది రోజులు కలంకారీ కార్ఖానా అయిపోయింది. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో గుడ్డ ముంచి ఎండబెడితే వాసన ఎలా ఉంటుందో ఆ వీధి మొత్తానికీ తెలిసింది. ఈగలు సరేసరి. ఒక్కరూ గొడవ చేయలేదు, వీధి వీధికీ థ్యాంక్స్. అక్కాచెల్లెళ్ళు నల్లరంగు కోసం కసిమి సీసాలో తెచ్చుకున్నారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళు. రాత్రంతా రైల్లో ఆ సీసాని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చారట. వెదురు కలంతో గీస్తే ముందు గీత లేతగా, ఉందో లేదో అన్నట్టు ఉంటుంది. చూస్తూ ఉండగానే గుడ్డలోని కరక్కాయ తగిలి నల్లబడుతుంది. మా స్కూలు పిల్లలు వరస కట్టి మరీ చూశారు ఆ సంగతి. సైన్సు టీచరు అక్కడికక్కడే ఒక పాఠం చెప్పేసింది.

ఏం గీశారంటే, బావి, రోలు, కుట్టుమిషను, ఆసుపత్రి మంచం, స్కూటీ మీద పోతున్న అమ్మాయి. ఆ అమ్మాయికి కళ్ళు మాత్రం కలంకారీ సీతమ్మ కళ్ళే. హెల్మెట్ పెట్టాలా వద్దా అని పెద్ద చర్చ నడిచింది, చివరికి హ్యాండిల్‌కి తగిలించారు. మన ఊళ్ళో అందరూ తగిలించుకునేది అక్కడే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పటిక పెట్టిన గుడ్డని పారే నీళ్ళలో ఉతకాలి. నిలవ నీళ్ళలో ఉతికితే ఆ పటిక గుడ్డంతా పాకి మరకలవుతుంది. వాళ్ళకి అక్కడ స్వర్ణముఖి ఉంది. మాకు గోదారి ఉంది. తెల్లారకముందే ఏడు మీటర్ల గుడ్డ పట్టుకుని ఘాట్‌కి వెళ్తే, స్నానాలకి వచ్చిన ఆడవాళ్ళు ఎవరో ఏమిటో అడక్కుండా చీర చెంగులు దోపుకుని నీళ్ళలోకి దిగి తలా ఒక చివర పట్టుకున్నారు. మీరెవరో నాకు తెలియదు. ఇది చదువుతారనీ లేదు. మీ చేతులు కూడా ఆ గుడ్డ మీద ఉన్నట్టే లెక్క.

దేవరకొండ దగ్గరి తండా నుంచి ముగ్గురు లంబాడీ అక్కలు రాలేకపోయారు. మిరప కోతలకి పోకపోతే కుదరదన్నారు. అద్దాలు, గవ్వలు కుట్టిన పట్టీలు బస్సు పార్సిల్లో పంపారు. వాటిని అంచుకి కుట్టింది టైలర్ అక్కలే. ఆ బరువుకి గుడ్డ ఒక పక్కకి లాగుతూనే ఉంది, మూడు రోజులూ. ఎవరికీ సర్దబుద్ధి కాలేదు.

రెండో రోజు ఒక రిటైరైన తెలుగు మాస్టారు వచ్చారు. "మార్చి 8 అని భలే రోజు పెట్టారమ్మా, దామెర్ల పుట్టినరోజు" అన్నారు. సిగ్గుగా చెప్తున్నాను, నాకు ఆ సంగతి తట్టనే లేదు. మహిళా దినోత్సవమనే పెట్టాం. చిత్రకారుడు దామెర్ల రామారావు 1897 మార్చి 8న మా ఊళ్ళోనే పుట్టారు, 1925లో 28 ఏళ్ళు నిండకుండానే పోయారు. ఆయన పేరు మీద గ్యాలరీ ఉంది, ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. "వాళ్ళ గురించి మీ పిల్లలకి ఎప్పుడైనా చెప్పావా?" అని మాస్టారు అడిగారు. చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా డ్రాయింగ్ చెప్తున్నాను, ఏటా పిల్లల్ని ఆ గ్యాలరీకి తీసుకెళ్తున్నాను, చెప్పలేదు.

అదే రోజు మధ్యాహ్నం ఇంకో దెబ్బ. అయిదో ఆరో చదివే పాప వాకిట్లో నిలబడి, "టీచర్, ముగ్గుకి కార్డు ఏదీ?" అంది.

మా పోస్టరు మీద 30 పేర్లే ఉన్నాయని అప్పటిదాకా ఎవరూ చూడలేదు. రోజూ పొద్దున అయిదింటికి వచ్చి వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు వేస్తున్న అక్క పేరు రాయలేదు. పెద్ద గుడ్డ మీద చివరి మూర ముగ్గు కూడా ఆవిడదే. సందు చుక్క, 15 చుక్కలు, 8 వచ్చేవరకు. కాగితం లేదు, కొలత లేదు, చుక్క ఎక్కడా తప్పలేదు. జనం తొక్కుకుంటూ లోపలికొచ్చి బొమ్మలు చూశారు. మేమూ తొక్కాం. ఆ ముగ్గుని మేం అలంకరణ కింద జమకట్టేశాం, మామిడాకుల తోరణంతో పాటు. అక్కా, నీ దగ్గరికొచ్చి క్షమించమని అడిగితే, "ముగ్గుకి పేరేంటే, రేపటికి ఉండదుగా" అన్నావు. నువ్వు అలా అన్నా మా తప్పు తప్పే. పాప చేతే ఒక అట్టముక్క మీద నీ పేరు రాయించి, ముగ్గు పక్కన రాయి కింద పెట్టాం. మూడో రోజు జనం చుట్టూ తిరిగి లోపలికొచ్చారు, గమనించావా?

ఇంకా ఎంతమంది! కరెంటు పోయినప్పుడు బ్యాటరీ దీపాలు మోసుకొచ్చిన కుర్రాళ్ళు. బస్టాండు నుంచి లేసు అక్కల్ని మూడు ట్రిప్పులు తెచ్చి దింపిన ఆటో అన్న. ఎండలో వచ్చినవాళ్ళకి కుండల కొద్దీ మజ్జిగ ఇచ్చిన పక్కింటివాళ్ళు. డాలస్ నుంచి పదివేలు పంపి, ఎవరికీ చెప్పొద్దన్న మా పిన్ని కూతురు (డబ్బులు అందాయి, ఊరు చెప్పేశాను, తిట్టుకోకు). తమ అమ్మల చేతుల ఫొటోలు తీసి తెచ్చిన డిగ్రీ పిల్లలు. ఆ మూడు రోజులూ ఇంట్లో వంట చేసిన మా ఆయనకి కృతజ్ఞతలు చెప్పాలా వద్దా అని మా అమ్మాయి పెద్ద వాదన వేసుకుంది. "నువ్వు పద్దెనిమిదేళ్ళు చేశావు, నీకెవరు పోస్టు పెట్టారు?" అంది. అది నిజమే. చారు బాగుందని మాత్రం రాస్తున్నాను.

లెక్కలు. చందాలు 48,700 రూపాయలు వచ్చాయి. ప్రయాణాలకి 17,250, గుడ్డ, రంగులు, దారాలకి 11,400, భోజనాలకి 12,600, ప్రింటింగుకి 3,900. మిగిలింది 3,550, లేసు అక్కల తిరుగు ప్రయాణానికీ దారపు ఉండలకీ ఇచ్చేశాం. అమ్ముడుపోయిన వాటి డబ్బు చేసినవాళ్ళకే నేరుగా అందింది, మా చేతుల్లోకి రాలేదు. హాలుకి కట్టిన అడ్వాన్సు ఇంకా వెనక్కి రాలేదు. అది నా సొంతం కాబట్టి ఇందులో కలపలేదు, దాని సంగతి నేను చూసుకుంటాను.

పెద్ద గుడ్డ ఎండు వేపాకు వేసి మామ్మగారి భోషాణంలో, లేసు దుప్పటి మీదే పెట్టాం. చూడాలనుకుంటే సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళండి, ముందైతే ఆవిడ పడుకుంటారు. వెళ్ళేటప్పుడు మీవేమో చూసుకోండి. అక్కడ రెండు గొడుగులు, ఒక స్టీలు క్యారియరు, కళ్ళజోడు, చిన్నపిల్ల చెప్పు ఒకటి ఉండిపోయాయి. ఎడమకాలిది, ఎర్రది.