గణాంకాల సంస్కరణ గేటు దాటి ఇంట్లోకి రావాలి

సంపాదకులకు నమస్కారం.

వినియోగదారుల ధరల సూచీకి ఆధార సంవత్సరాన్ని, అంటే ధరలను పోల్చి చూసే సంవత్సరాన్ని, 2012 నుంచి 2024కు మార్చడం, ఉపాధి, నిరుద్యోగ అంచనాలను 2025 నుంచి నెలనెలా వెలువరించడం, సర్వేలలో కాగితపు ఫారాలకు బదులు ట్యాబ్‌లు వాడడం మనస్ఫూర్తిగా స్వాగతించదగ్గ మార్పులు. అయితే ఇవన్నీ మా అపార్ట్‌మెంటు గేటు దగ్గరే ఆగిపోతున్నాయని బెంగళూరు వాసిగా నా ఆవేదన.

కుటుంబాలు దేనికెంత ఖర్చు చేస్తున్నాయో తెలుసుకునే 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే జరుగుతున్న రోజుల్లో, నీటి ట్యాంకర్ల కోసం నగరమంతా అల్లాడిన 2024 మార్చిలో, మారతహళ్లిలోని మా సముదాయానికి ఒక సర్వే ఉద్యోగిని ట్యాబ్ పట్టుకొని వచ్చారు. సెక్యూరిటీ గది నుంచి ఫోన్ చేస్తే, ఎంపికైన ఫ్లాటువారు ఇంట్లో లేమని చెప్పమన్నారు. ఎండలో నిలబడ్డ ఆమెకు మంచినీళ్లిచ్చి, మా ఇంటి వివరాలు రాసుకోమన్నాను. "జాబితాలో వచ్చిన ఇంటినే అడగాలి సార్, ముందుకొచ్చిన వాళ్లను కాదు" అని కోలారు వైపు తెలుగులో చెప్పారామె. కొన్ని ఇళ్లనే ఎంచి అందరి ఖర్చును అంచనా వేసే నమూనా సర్వే మర్మమంతా ఆ మాటలో ఉంది. కలిగినవారు తలుపు తీయకపోతే వారి అద్దెలు, స్కూలు ఫీజులు, ప్రయాణాలు లెక్కకు రావు. నగరాల సగటు ఖర్చు ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది.

ధరల సూచీలో ఏ వస్తువుకెంత ప్రాధాన్యమో నిర్ణయించేది ఈ సర్వేయే కనుక దీన్ని చిన్న లోపంగా కొట్టిపారేయలేం. 2011-12 నాటి ఖర్చుల ఆధారంగా, గ్రామాలు, పట్టణాలు కలిపి చూసే సూచీలో ఆహార, పానీయాలకు ఇచ్చిన 45.86 శాతం వాటా పదేళ్లకు పైగా కొనసాగింది. 2023-24లో పట్టణ కుటుంబాల ఖర్చులో ఆహారం వాటా 39.68 శాతమే. 2017-18 సర్వే ఫలితాలను నాణ్యత కారణం చూపి ప్రభుత్వం విడుదల చేయకపోవడం కూడా ఈ వాటాలను సవరించడంలో జాప్యాన్ని పెంచింది.

జీఎస్టీ లెక్కలు ఈ లోటు తీరుస్తాయనే వాదన ఉంది. దుకాణంలో ఎంత అమ్ముడైందో బిల్లు చెబుతుంది గానీ, ఏ ఇంట్లో ఎంత ఖర్చయిందో చెప్పదు. ఆ మార్చిలో మా నిర్వహణ రుసుములో కలిసిపోయిన ట్యాంకర్ల ఖర్చును విడదీసి రాసుకోవాలంటే అడిగేవారికి ఓపిక, చెప్పేవారికి నమ్మకం ఉండాలి. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం వ్యక్తిగత వివరాలకు గోప్యత కల్పిస్తోందని మా సంఘంలో చాలామందికి తెలియదు.

ఎంపికైన ఇళ్లకు, నివాసుల సంఘాలకు గణాంక శాఖ ముందుగానే కన్నడంతోపాటు ఇక్కడివారు మాట్లాడే ఇతర భాషల్లోనూ లేఖలు పంపాలి. వచ్చినవారి గుర్తింపును అక్కడికక్కడే సరిచూసుకునే వీలు కల్పించాలి. ఒక్కో నగరంలో ఎన్ని ఇళ్లు నిరాకరించాయో ఫలితాలతోపాటే, మొదటి పేజీలోనే ప్రకటించాలి. సర్వే సిబ్బందిని గేటు దగ్గర ఆపకుండా సంఘం కార్యాలయంలో కూర్చోబెట్టి, ఆ ఇంటివారితో మేమే మాట్లాడాలన్న ప్రతిపాదనను మా సంఘం వచ్చే సమావేశం ముందు పెడుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మారతహళ్లి, బెంగళూరు