అంకెలా కనిపించేదంతా అంకె కాదు మామా

మామా,

నిన్న ఫోన్‌లో అడిగినావే, సాస్‌లో (డేటా లెక్కలు చేసే ఆ సాఫ్ట్‌వేర్‌లో) క్యారెక్టర్ కాలమ్‌ను, అంటే అక్షరాలుగా దాచినదాన్ని, న్యూమరిక్‌గా, అంటే లెక్క చేయగల అంకెలుగా ఎట్లా మార్చాలని. అది నోటితో చెప్తే అర్థం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. ఇక్కడ అనంతపురంలో నేను రోజూ చూసేది వేరుశనగ దిగుబడి ఫైళ్లే, ఉదాహరణలు కూడా వాటిలోంచే వస్తాయి.

ఫంక్షన్లు రెండే. క్యారెక్టర్‌ను న్యూమరిక్ చేసేది ఇన్‌పుట్, దానికి ఇన్‌ఫార్మాట్ ఇవ్వాలి, అంటే విలువను ఎట్లా చదవాలో చెప్పే సూచన. న్యూమరిక్‌ను క్యారెక్టర్ చేసేది పుట్, దానికి ఫార్మాట్, అంటే ఎట్లా రాయాలో చెప్పే సూచన. ఈ రెండింటి పేర్ల చివర ఒక చుక్క ఉంటుంది, అది పేరులో భాగమే. ఉన్న వేరియబుల్ (కాలమ్) టైపు మాత్రం అక్కడికక్కడ మారదు, కొత్త పేరుతో చేసి, పాతదాన్ని డ్రాప్ చేసి, రీనేమ్ కొట్టుకో.

నువ్వు ఇవేవీ రాయకపోయినా సాస్ ఆగదు, తనంతట తానే మార్చేసి లాగ్‌లో (ప్రోగ్రామ్ నడిచిన తీరు రాసే చోట) ఒక నోట్ పెట్టి ముందుకు పోతుంది. నాకైతే ఆ నోట్ కనిపించినంతసేపూ ప్రోగ్రామ్ పూర్తి కానట్టే. పిన్‌కోడ్ చూడు: మనది 515001, కర్నూలుది 518001, కడపది 516001. మొదటి మూడంకెలతో విడగొడదామని న్యూమరిక్ పిన్‌కోడ్ మీద సబ్‌స్ట్రింగ్ (కొన్ని అక్షరాలే కోసి తీసే ఫంక్షన్) వేశావనుకో, సాస్ దాన్ని 12 అక్షరాల వెడల్పులో కుడివైపుకు జరిపి పెడుతుంది, ముందు ఆరు ఖాళీలు ఉంటాయి, నీ చేతికి వచ్చేది ఖాళీలే. పుట్‌లో 6. ఫార్మాట్ ఇచ్చి తీసుకుంటే 515 వస్తుంది. అసలు పిన్‌కోడ్, మండలం కోడ్, బ్యాంకు ఖాతా నంబరు మనం కూడేవి కావు కదా, మొదటినుంచీ క్యారెక్టర్‌గానే ఉంచెయ్. '07' అనే కోడ్ న్యూమరిక్ అయితే 7 అయిపోతుంది, మళ్లీ జెడ్2. ఫార్మాట్‌తో సున్నా తగిలించుకోవాలి.

'1,25,000' లాంటివి కామా12. ఇన్‌ఫార్మాట్‌తో చక్కగా 125000 అవుతాయి, కామా ఎక్కడున్నా తీసేస్తుంది. తిరిగి రాసేటప్పుడు మాత్రం 125,000 అని వస్తుంది, మన లక్షల పద్ధతి కావాలంటే పిక్చర్ ఫార్మాట్ (అంకె ఎట్లా కనిపించాలో మనమే గీసిచ్చే నమూనా) సొంతంగా రాసుకోవాలి.

అన్నిటికన్నా నాకు భయం 8.2 ఇన్‌ఫార్మాట్ అంటే. రెండు దశాంశాలు కావాలని పెడతారు, అది చుక్క లేని '1250'ను వందతో భాగించి 12.5 చేస్తుంది, చుక్క ఉన్న '1250.5' జోలికి పోదు. హెక్టారుకు కిలోల కాలమ్‌లో కొన్ని ఇట్లా కొన్ని అట్లా అయిపోతాయి, లాగ్‌లో ఒక్క ముక్క కూడా రాదు! చదివేటప్పుడు దశాంశాలు వదిలేసి వెడల్పు ఒక్కటే ఇవ్వు, '8.' అని పెడితే చాలు.

ఇంకొకటి. గీతో 'లేదు' అనో రాసిన గడులకు ఇన్‌పుట్ చుక్క ఇస్తుంది, అంటే మిస్సింగ్ (విలువ లేదని), లాగ్‌లో మెసేజ్‌లూ పెడుతుంది. ఆ మెసేజ్‌లు రాకుండా ఇన్‌ఫార్మాట్ ముందు రెండు ప్రశ్న గుర్తులు పెట్టొచ్చు, కానీ ముందే పెట్టకు. మన దగ్గర వాన లేని ఏడు ఆ గీతకు అర్థం కొలవలేదని కావచ్చు, పంట మొత్తం పోయిందని కావచ్చు. పోయిందంటే అది సున్నా. దాన్ని మిస్సింగ్ చేస్తే ప్రోక్ మీన్స్ (సగటు తీసే సాస్ ఆదేశం) ఆ పొలాన్ని లెక్కలోకే తీసుకోదు, సగటు పెరిగిపోతుంది, ఎండిపోయిన రైతు పొలం కాగితం మీద కూడా లేకుండా పోతుంది. అందుకే మార్చే ముందు ఆ కాలమ్ మీద ప్రోక్ ఫ్రీక్ (ఏ విలువ ఎన్నిసార్లు ఉందో చూపే ఆదేశం) వేసి, అంకె కానిది ఏముందో ఒక్కొక్కటీ చూసి, ఫైలు ఇచ్చినవాళ్లను అడుగు.

నీ ఫైల్లో ఆ ఫ్రీక్ అవుట్‌పుట్ తీసి రాత్రికి పంపు, ఏ ఇన్‌ఫార్మాట్ పెట్టాలో చూసి చెప్తా.

ఉంటా మామా.