ఎంసీబీకి కూడా దొరకని జాయింటు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఇల్లు కాలిపోయిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ చివర్లో "షార్ట్ సర్క్యూటే కారణమని అనుమానం" అని ఒక లైను రాసేసి వదిలేస్తున్నారు, దాని గురించే ఈ ఉత్తరం. షార్ట్ అంటే ఫేజూ న్యూట్రలూ కలిసిపోవడం, అలా కలిస్తే కరెంటు ఒక్కసారిగా ఎగిసిపోతుంది, కరెంటు మరీ ఎక్కువైతే లైను ఆపేసే స్విచ్ ఎంసీబీ, అది సరైనదైతే రెప్పపాటులో పడిపోతుంది. ఎంసీబీ అసలు పడని కేసు ఇంకోటుంది, అదే లూజు జాయింటు, అంటే వైరుకి వైరు కలిపినచోట వదులవడం, దాని పేరు మాత్రం వార్తల్లో ఎప్పుడూ కనపడదు.

లెక్క వేసి చూడండి. 16 ఆంపియర్ల ఎంసీబీ, లైను మీద 10 ఆంపియర్ల లోడు. మధ్యలో ఎక్కడో వైరు చాలక ఇంకో ముక్క మెలేసి టేపు చుట్టారు, అది వదులై అక్కడ 0.3 ఓమ్‌ల రెసిస్టెన్స్ వచ్చిందనుకుందాం. కరెంటు స్క్వేర్ ఇంటూ రెసిస్టెన్స్, అంటే 30 వాట్లు, చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత వేడి వేలి కొనంత జాగాలో. అక్కడ పోయే ఓల్టేజీ 3 ఓల్టులే కాబట్టి లైటు డిమ్ అయినట్టు కూడా తెలీదు, ఎంసీబీకి కనపడేది 10 ఆంపియర్లే కాబట్టి అది కదలదు, ఎర్త్‌కి లీకేజీ లేదు కాబట్టి ఆ లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ స్విచ్ కూడా ఊరుకుంటుంది. మామూలు పీవీసీ వైరు ఇన్సులేషన్ 70 డిగ్రీల వరకే తట్టుకునేలా చేస్తారు, ఇక టేపు జిగురు వేడికి ఎండి ఊడొస్తుంది, రాగి ఆక్సైడ్ పట్టి రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది, దాంతో వేడీ పెరుగుతుంది.

అందుకే జాయింటు ఉన్నచోట మూత ఉన్న జంక్షన్ బాక్స్ ఉండి తీరాలని రూల్ పెట్టారు. 1897లో మొదలై మూడేళ్లకోసారి మారే అమెరికా వైరింగ్ రూల్స్ కోడ్ ఎన్ఈసీలో 300.15 సెక్షన్ ఇదే చెప్తుంది. 300.13 ప్రకారం పైపు లోపల జాయింటు ఉండకూడదు, బాక్స్ నుంచి బాక్స్ దాకా వైరు ఒకటే రావాలి. నిప్పురవ్వ వచ్చినా కరిగిన లోహం కారినా చెక్కకీ ఫోమ్‌కీ తగలకుండా బాక్స్ ఆపుతుంది, కేబుల్‌ని క్లాంపు పట్టుకుంటుంది కాబట్టి లాగినా ఆ బరువు జాయింటు మీద పడదు. 110.14 అయితే జాయింటు గట్టిదనం గురించి చెప్తుంది, సోల్డర్ చేసేదైనా సరే సోల్డర్ పెట్టకముందే గట్టిగా పట్టుకుని ఉండాలట, పైన ఇన్సులేషన్ వైరుకున్నదానికి సమానంగా ఉండాలి. టేపు వైర్లని కప్పుతుందే గానీ పట్టి ఉంచదు, ఆ పని కనెక్టరో, నొక్కి బిగించే క్రింపో చెయ్యాలి.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది 314.29. గోడో సీలింగో పగలగొట్టకుండా బాక్స్ మూత తీసి చూడగలగాలి అని. చాలామంది బాక్స్ పెడతారు గానీ అందం పాడవుతుందని దానిమీద పుట్టీ లాగించి పెయింట్ వేసేస్తారు, ఇంక ఆ బాక్స్ ఎక్కడుందో ఇంట్లోవాళ్లకే తెలీదు. ఫాల్స్ సీలింగ్‌లో కూడా అంతే, పలక ఎత్తి చూడగలిగితే పర్లేదు, జిప్సం బోర్డు స్క్రూలు కొట్టి మూసేస్తే బాక్స్ ఉన్నా రూల్ తప్పినట్టే. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364 కూడా జాయింట్లు చెకింగ్‌కి అందుబాటులో ఉండాలనే అంటుంది.

మినహాయింపులు లేవని కాదు. భూమిలో వేసే కేబుల్‌కి దానికోసమే తయారైన కిట్‌తో బాక్స్ లేకుండా జాయింటు చెయ్యొచ్చు, కాంపౌండ్ నింపి సీల్ చేసినవాటికి ఐఈసీ ఒప్పుకుంటుంది, పాత బిల్డింగుల్లో రిపేరుకి కొన్ని ప్రత్యేకమైన కనెక్టర్లని ఎన్ఈసీ కూడా అనుమతిస్తుంది. ఇవన్నీ టెస్టింగ్ పాసై ఆ పనికోసమే వచ్చిన వస్తువులు. "కోడ్‌లోనే ఉంది కదా" అని వీటిని చూపించి మెలేసి టేపు చుట్టినదాన్ని సమర్థించుకోవడం మాత్రం తప్పు, అది ఏ మినహాయింపులోకీ రాదు.

వైరు చాలకపోతే పాతది లాగేసి మొత్తం కొత్తది వెయ్యాలి. అది కుదరకపోతే జాయింటు పడేచోట బాక్స్ పెట్టి పైన బ్లాంక్ ప్లేట్ బిగించాలి, గోడ మీద ఒక తెల్ల పలక కనపడితే కనపడనివ్వండి.

మీ ఇళ్ల పేజీలో రంగులూ టైల్సూ గురించి రాసినట్టే దీని గురించి కూడా ఒకసారి బొమ్మలతో వెయ్యండి సార్. అలాగే ఫైర్ వార్త రాసే విలేకరులు షార్ట్ సర్క్యూట్ అని రాసేముందు, ఎంసీబీ పడిందా లేదా, మంట మొదలైనచోట జాయింటు ఏమైనా ఉందా అని తనిఖీ చేసిన అధికారిని అడిగి ఆ జవాబు కూడా వెయ్యమని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు